బంతి కుడివైపు, కామెంటరీ ఎడమవైపు

మా టీములో నేను గోల్‌కీపర్‌ని. ఆరేళ్లు పోస్టు కింద నిలబడ్డాను. ఆ ఆరేళ్లలో నేను ఆపిన బంతుల కంటే పోస్టు కర్రలు ఆపినవే ఎక్కువ. పైగా ఆ కర్రలు ఆట సగంలో నాలాగా నాలుగేసి అరటిపండ్లు తినేవి కావు. ఒకసారి పెనాల్టీకి నేను కుడివైపు దూకాను. బంతి నేను అంతకుముందు నిలబడ్డ చోటి నుంచే నింపాదిగా లోపలికి పోయింది. మా కోచ్ సారు వచ్చి, "బేటా, నువ్వు దుంకకపోయినా బాగుండు. నీ పొట్టకు తాకి ఆగుతుండె" అన్నారు. మరుసటి ఏడు ఆయన నా చేతి గ్లవ్స్ లాక్కొని అదే చేతిలో మైకు పెట్టారు.

నన్ను గ్రౌండు బయట పడేశానని ఆయన అనుకున్నారు. గ్రౌండులో అన్నిటికంటే మంచి చోటు దొరికిందని నేను అనుకున్నాను. పోస్టు కింది నుంచి చూస్తే మన వాళ్ల వీపులే కనిపిస్తాయి. మైకు బల్ల గ్రౌండుకు పక్కన, రేకుల షెడ్డు ముందు ఉండేది. అక్కడి నుంచి ఎడమ గీత వెంట ఆడే మా వింగర్ ముఖం కనిపించేది. అదీ మొదటి సగంలోనే. టీములు చోటు మారాక వాడు అవతలి గీత మీదికి పోయేవాడు. రెండో సగంలో నా గొంతు ఎందుకు నీరసపడుతుందో తెలియక సారు నాకు నిమ్మసోడా తెప్పించేవారు.

వాడి పేరు ఇక్కడ రాయను. వాడికి పేరు పెట్టే విషయంలో నేను ఒకసారి చేసింది చాలు.

వాడిది బోధన్ పక్కన ఒక క్యాంపు. కాలువ నీళ్లు చూసుకొని కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులంటాం. వాళ్ల తాత కాలంలో వచ్చారు. మా భాష వాడికి నాకంటే బాగా వచ్చు. బజారులో మాట్లాడేవాడు కూడా. నాతో మాత్రం వాళ్లమ్మ భాషే మాట్లాడేవాడు. నేనేమో బోధన్‌లో పుట్టి, ఎనిమిదో తరగతిలో బడికి సెలవు పెట్టి, ఇంకా ఆ సెలవులోనే ఉన్నవాణ్ని. మైకుసెట్టు ఆటోకు కట్టుకొని ఊరూరా చెప్పడం నా పని. తప్పిపోయిన బర్రె, కొత్తగా వచ్చిన విత్తనాలు, రేపటి కరెంటు కోత, ఏదైనా నా గొంతులోంచి వెళ్లాల్సిందే.

మా టోర్నమెంటు వరికోతలయ్యాక, చలికాలంలో జరుగుతుంది. మాక్లూర్ నుంచి, ఇందల్వాయి నుంచి, డిచ్‌పల్లి నుంచి టీములు వస్తాయి. మహారాష్ట్ర వైపు నుంచి కూడా ఒకటి రెండు వస్తాయి. వాళ్ల కోసం నేను నాలుగు మరాఠీ ముక్కలు వదిలేవాణ్ని. వాటిలో మూడు తప్పని వాళ్లే చెప్పేవాళ్లు. ఫైనల్ రోజు మా దగ్గర ఒక ఆచారం ఉంది. రెండు టీములు నడిమి గీత మీద వరుసగా నిలబడతాయి. ముఖ్య అతిథి ఒక్కొక్కరికీ చేయి ఇస్తూ వస్తాడు. ఆయన ఎవరి ముందు ఆగితే మైకు మనిషి వాళ్లకొక బిరుదు చదవాలి. మా లావు డిఫెండర్ 'చెరుకు లారీ, ఎదురొస్తే సైడియ్యడు'. ఇంకొకడు 'ఇందల్వాయి టోల్‌గేటు, దాటిపోవుడు కష్టం'. జనం సగం ఆట కోసం వస్తే సగం ఈ బిరుదుల కోసం వచ్చేవాళ్లు. ఆ రోజు పెట్టిన పేరు ఏడాదంతా నడిచేది. కొందరికి పెండ్లి కార్డులో కూడా పడేది.

వాడికి రెండేళ్లు ఒకే బిరుదు చదివాను. 'ఎడమ గట్టు పట్టి పారే నిజాంసాగర్ కాలువ.' నిజంగా అట్లానే ఉండేవాడు. గీత దాటకుండా, గీతను వదలకుండా, తొందర లేకుండా వచ్చేవాడు. చూస్తుంటే దాహం తీరేది కాదు, పెరిగేది.

మూడో ఏడు సెమీఫైనల్ అయ్యాక మాక్లూర్ టీము ఆటగాడొకడు మైకు బల్ల దగ్గరికి నీళ్లకు వచ్చాడు. మూతి తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు.

"ఏంరా వారి, బాల్ కుడి దిక్కు ఉంటే నీ కామెంటరీ ఎడమ దిక్కు నడుస్తుందేంది? ఆట సూస్తున్నవా, ఆన్ని సూస్తున్నవా?"

చుట్టూ నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు వాళ్లందరి కంటే గట్టిగా ఉండాలని చూశాను. ఇంటికి పోయినా ఆ మాట చెవిలోంచి పోలేదు. నా గురించి నాకు తెలిసి అప్పటికి నాలుగేళ్లు. ఎవరికీ తెలియదని ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే నేనే రోజూ రెండు హారన్ స్పీకర్లు పెట్టి ఊరంతటికీ వినిపిస్తున్నాను.

మరునాడు ఫైనల్. అతిథి వరుస వెంట వస్తున్నాడు. మాక్లూర్ వాడు షెడ్డులో ముందు వరుసలోనే కూర్చున్నాడు. వాడి దంతాలు నాకు కనిపిస్తున్నాయి. అతిథి మా వింగర్ ముందు ఆగాడు. వాడు ఎప్పటిలా తల కొంచెం వంచి, రాబోయే కాలువ కోసం ముందే నవ్వుతూ నిలబడ్డాడు.

నేను చదివాను. "గిప్పుడు సూడుండ్రి, మన టీము సిగ్గుల పెండ్లికూతురు. తల వంచుకొని ఎంత ముద్దుగ నిలవడ్డదో. చెయ్యి మెల్లగ పట్టుండ్రి సారు, గాజులు పగుల్తయి."

షెడ్డు కూలిపోయినంత నవ్వు. మాక్లూర్ వాడు కూడా పడిపడి నవ్వాడు. నన్ను చూడటం మానేసి వాడిని చూశాడు. నాకు కావాల్సింది అదే. ఒక్క నిమిషం ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. వాడు కూడా నవ్వాడు. స్నేహితుడు మైకులో ఆట పట్టిస్తే ఎవడైనా నవ్వుతాడు కదా. ఆ తర్వాత వాడికి బంతి అందినప్పుడల్లా జనం నోటితో పెండ్లి మేళం వాయించారు. పిప్పిప్పీ డుండుం. ఆట సగం నుంచి వాడు బంతి అడగడం మానేశాడు.

ఆ టోర్నమెంటుకే బయటి నుంచి ఒక క్లబ్బు మనిషి ఆటగాళ్లను చూడటానికి వచ్చాడు. ఫైనల్ కంటే ముందు ఆటలే చూసినట్లున్నాడు, వాడిని తీసుకున్నాడు. పడమటి తీరంలో, సముద్రం పక్కన ఆ క్లబ్బు. రెండో డివిజన్. జీతం ఇచ్చి ఆడించే ఆట. మా గ్రౌండు నుంచి అంత దూరం పోయినవాడు అంతకుముందు లేడు. బస్సెక్కించడానికి ఊరు ఊరంతా వచ్చింది. నేను ఆటో మీద మైకు పెట్టి నిజామాబాద్ బస్టాండు దాకా వెంట పోయాను. ఏం చెప్పానో గుర్తులేదు. బస్సు కదిలాక కూడా ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను.

వాడి ఆటలు ఫోన్‌లో వచ్చేవి. ఒకే ఒక కెమెరా, అది కూడా బంతి వెంటే తిరిగేది. మంచి కామెంటేటర్ లాంటి కెమెరా. బంతి కుడివైపు ఉన్నంతసేపు వాడు కనిపించేవాడు కాదు. నేను ఆటోలో కూర్చొని, తెర ఎడమ అంచు మీద వేలు పెట్టుకొని ఎదురుచూసేవాణ్ని. తొంభై నిమిషాల ఆటలో వాడు ఏడెనిమిది నిమిషాలు కనబడితే ఆ రోజు నాకు పండుగ. ఒక్కోసారి బంతి అటు పోయేలోపే నెట్టు ఆగిపోయి, తెర మీద గుండ్రంగా గీత తిరుగుతుండేది. దాన్ని కూడా చాలాసేపు చూసేవాణ్ని.

ఒక సీజన్ ముగిసింది. రెండోది సగం అయ్యేసరికి వాడు బెంచీ మీద కూడా కనిపించలేదు. మే నెలలో ఇంటికి వచ్చేశాడు. మోకాలు బాగాలేదని క్లబ్బు కాగితం ఇచ్చిందని విన్నాను. కలుద్దామని నాకు కబురు పెట్టాడు. మధ్యాహ్నం, వాళ్ల పొలం పక్క పిల్లకాలువ గట్టు మీద కూర్చున్నాం. కాలువలో నీళ్లు లేవు.

"ఏ మోకాలు?" అన్నాను.

"ఏదో ఒకటి. వాళ్లూ రాయలేదు, నేనూ అడగలేదు. రెండూ బాగానే ఉన్నాయి."

మా ఫైనల్ వీడియో ఎవరో నెట్‌లో పెట్టారట. డ్రెస్సింగ్ రూమ్‌లో ఒకడికి దొరికింది. పెండ్లికూతురు అంటే ఏమిటని ఒక హైదరాబాద్ ఆటగాణ్ని అడిగారట. అతను దుల్హన్ అని చెప్పాడు. ఆ రోజు నుంచి వాడి పేరు దుల్హన్. వీడియోలో గొంతు నాది. ఆ ముక్క వాడు అనలేదు. ఎండిన కాలువలోకి రాళ్లు విసురుతూ మిగతాది చెప్పాడు.

"స్నానాల దగ్గర మొదలైందిరా. నేను లోపలికి వెళ్తే మిగతావాళ్లు బయటికి వచ్చేసేవాళ్లు. ఒంటి మీద సబ్బుతోనే."

"సబ్బుతోనేనా?"

"సబ్బుతోనే. బయట ఊళ్లకి వెళ్తే హోటల్లో ఇద్దరికో గది. నాతో ఎవడూ ఉండడు. గోలు కొడితే అందరూ వచ్చి మీద పడి కావలించుకుంటారు కదా. నేను కొడితే దూరం నుంచి చేయి ఇచ్చి వెళ్లిపోయేవాళ్లు. ఒకసారి కార్నర్ కొట్టబోతుంటే గ్యాలరీలోంచి ఎర్ర దుపట్టా విసిరారు. బంతి మీద పడింది. తీసి పక్కన పెట్టి కొట్టాను." ఇంకో రాయి విసిరాడు. "మడత పెట్టి మరీ పెట్టాను. ఎందుకో."

"మరి కోచ్ ఏమన్నడు?"

"మంచోడే. పిలిచి కూర్చోబెట్టాడు. అబద్ధమని అందరి ముందు ఒక్కసారి చెప్పు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు."

"చెప్పినవా?"

"లేదు."

"ఎందుకు? ఒక్క మాటనే గద."

"అబద్ధం కాదు కాబట్టి."

వాడు నా వైపు చూడలేదు. చూడకుండానే నా జవాబు కోసం ఆగాడు. అంతసేపు ఎవరి జవాబు కోసమూ ఎవరూ ఆగరు. నేను చెప్పాల్సింది మూడు మాటలు. 'నేను కూడా అంతే.' అవి నోటి దాకా వచ్చాయి. వచ్చి, అక్కడ ఎప్పటి నుంచో కాపురమున్న వెటకారాన్ని చూసి వెనక్కి పోయాయి.

"గట్లనా," అన్నాను. "మోకాళ్లు బాగనే ఉన్నయి గద. అయితే ఈ ఏడు మీ నాయినకు వడ్ల బస్తాలు మోసెటోడు దొరికిండు తియ్."

వాడు నవ్వాడు. వరుసలో తల వంచి నవ్విన నవ్వు కాదు. లేచి ప్యాంటు దులుపుకొని, "ఎండగా ఉంది, వెళ్తా" అన్నాడు. నెల తిరక్కుండా ఎక్కడో దూరంగా ఒక బడిలో పిల్లలకు ఆట నేర్పే పని చూసుకొని వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చినా రెండు రోజులు ఉండి, గ్రౌండు వైపు రాకుండానే పోయేవాడు. అట్లా పదేళ్లు గడిచాయి.

ఈ పదేళ్లలో నాకు సంబంధాలు వచ్చాయి. నన్ను కన్న మా అవ్వ మొదట్లో ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆఖరుకు "నీ నోరు సూసి పిల్లనెవలిస్తరు" అని తనకు తానే కారణం చెప్పుకొని ఊరుకుంది. నేను ఆ కారణాన్ని ఎక్కడా ఖండించలేదు. ఏటా చలికాలంలో టోర్నమెంటు ప్రచారానికి ఆటో తీస్తాను. అన్ని ఊళ్లలో ఒక చుట్టు తిరుగుతాను. వాళ్ల క్యాంపులో మాత్రం రెండు. వాళ్ల ఇంటి ముందు బండి నెమ్మది చేసి గొంతు పెంచుతాను. వాళ్లమ్మ చెవులు మూసుకొని గేటు దాకా వస్తుంది.

"ఏంటయ్యా, మేమేమైనా చెవిటోళ్లమా? మజ్జిగ తాగు, ఆ గోల ఆపు."

మజ్జిగ తాగుతూ వాడెట్లున్నాడని అడుగుతాను. బాగున్నాడంటుంది. టోర్నమెంటుకు రమ్మని చెప్పమంటాను. "చెప్తూనే ఉన్నా. వాడు రాడు బాబు. ఎందుకు రాడో నాకు చెప్పడు. నీకేమైనా తెలుసా?" అని ఏటా అడిగేది. ఏటా గ్లాసు తిరిగి ఇచ్చి, "మజ్జిగల ఉప్పు ఎక్కువైంది పెద్దమ్మా" అనేవాణ్ని.

పోయిన ఏడు ఆమె నన్ను అడగనివ్వలేదు. "వస్తున్నాడయ్యా. వాళ్ల నాన్నకి నిజామాబాద్‌లో కంటి ఆపరేషను. పది రోజులుంటాడు" అంది. నేను ఆటో ఎక్కి, వాళ్ల వీధి చివర దాకా పోయి, మైకు పెట్టకుండానే క్యాంపంతా తిరిగి వచ్చాను.

ఫైనల్‌కు ముందు పాత ఆటగాళ్లతో ఒక ఆట పెడదామని మా సారు స్వయంగా వాళ్లింటికి పోయి అడిగారు. ఆయనకిప్పుడు డెబ్బై దాటింది, కాదనడం కష్టం. తిరిగి వచ్చి నా ముందు కుర్చీ వేసుకున్నారు.

"ఆడుతనన్నడు. కని ఒక షరతు వెట్టిండు. మైకుల నా గురించి ఏం జెప్పొద్దు అన్నడు. పేరు, నంబరు, గంతే. నీకు అర్థమైంది గద?"

"అయింది సార్."

"బేటా, నీకు అర్థమైతది. ఆగుడే రాదు."

ఆ రోజు వాడు వరుసలో చివరన నిలబడ్డాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. కొంచెం ఒళ్లు చేశాడు. మిగతా వాళ్లందరికీ బిరుదులు చదివాను, పొట్టల మీద, బట్టతలల మీద, షుగరు మీద. జనం హుషారుగా ఉన్నారు. అతిథి వాడి ముందు ఆగాడు. నేను పేరు చదివాను. నంబరు చదివాను. ఆగాను. ఇంత చిన్న వాక్యం నేను మైకులో అంతకుముందు చెప్పలేదు.

షెడ్డులో ఎవరికో ఆ ఖాళీ నచ్చలేదు. "అరే అన్నా, పెండ్లికూతురును మర్సిపోయినవా?" అన్నారు. ఆ మాట అన్నవాడు ఆ పాత ఫైనల్ నాటికి ఇంకా బడికి పోతున్నట్లున్నాడు. పేరు మాత్రం వాడి దాకా చేరింది. వెనక ఇంకొకడు పిప్పిప్పీ అందుకున్నాడు. పదిమంది కలిశారు. వరుస చివర వాడు బూటు ముక్కుతో గడ్డి గీకుతూ నిలబడ్డాడు. ఇంకో రెండు నిమిషాలైతే గీత మీది నుంచి ఆటలోకి కాక బయటికి నడిచి పోతాడేమోననిపించింది. పోతే ఇక రాడు.

సారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతున్నారు. నేను మైకు మళ్లీ నోటికి ఆనించాను.

"మేళం ఆపుండ్రి. ఒక్క మాట ఇనుండ్రి. గా పేరు ఆనిది కాదు, నాది. ఆట సూడకుంట ఆన్ని సూస్కుంట కూసున్నోన్ని నేను. దొరికిపోతనని భయమై నా పేరు తీసి ఆని మెడల ఏసిన. పెండ్లికూతురు కావాల్నంటే గీడ కూసున్నది, మైకు వట్టుకొని."

నవ్వుకు షెడ్డు రేకులు అదిరాయి. ఈలలు. "నీ మొకానికి తాళి ఎవడు కడ్తడు వారి" అని ఒకరు. "పొట్ట సూస్తే పెండ్లయి తొమ్మిది నెల్లయినట్టుంది" అని ఇంకొకరు. కండ్లు తుడుచుకుంటూ నవ్వారు. నా జీవితంలో ఇన్ని అబద్ధాలు చెప్పాను, ఆ ఒక్క నిజానికి వచ్చినంత నవ్వు దేనికీ రాలేదు. ఎవరూ నమ్మలేదు. కానీ మేళం నా వైపు తిరిగింది. ఆటంతా నన్నే పెండ్లికూతురా అని పిలిచారు. గీత మీద వాడిని ఎవరూ ఏమీ అనలేదు. వాడు ఆడాడు. పాత వేగం లేదు. తొందర లేకపోవడం మాత్రం అట్లానే ఉంది. రెండు బంతులు ఎడమ కాలితో లోపలికి ఇచ్చాడు. ఒకటి గోలైంది. కొట్టినవాడు పరిగెత్తుకుంటూ వచ్చి వాడిని ఎత్తుకున్నాడు. అప్పుడు నేనేం కామెంటరీ చెప్పానో నాకు తెలియదు. ఏమీ చెప్పలేదట, సారు తర్వాత చెప్పారు.

ఫైనల్ కూడా అయిపోయి జనం వెళ్లాక వాడు బూట్లు చేత్తో పట్టుకొని బల్ల దగ్గరికి వచ్చాడు. నేను ఒక్కణ్నే ఉన్నాను, వైర్లు చుట్టడం మొదలుపెట్టబోతూ.

"ఏమీ చెప్పొద్దన్నాను."

"చెప్పొద్దనే అనుకున్న. ఆళ్లు మొదలువెట్టిండ్రు గద."

"నేను చూసుకునేవాణ్ని. ఇన్నేళ్లుగా చూసుకుంటూనే ఉన్నా."

అది కూడా నిజమే. నాకు ఎప్పటిలా ఒక వెటకారం అందుబాటులో ఉంది. దాన్ని తోసేసి, "అందరు మజాక్ అనుకున్నరు. గది మజాక్ కాదు" అన్నాను.

నా మాట రెండు హారన్లలోంచి బయటికి పోయి, ఖాళీ గ్రౌండంతా తిరిగి, షెడ్డు రేకులకు తగిలి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది, ఆపలేదు.

వాడు ఆ శబ్దం పూర్తిగా అణిగేదాకా ఆగాడు. తర్వాత అన్నాడు.

"అప్పుడు నన్ను ఊరికి చెప్పావు. ఇవాళ నిన్ను ఊరికి చెప్పుకున్నావు. నాకు మాత్రం ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు. ముందు ఆ మైకు కింద పెట్టి మాట్లాడరా."